ట్రాక్ 14: నాకిష్టమైన ఒక రీమిక్స్ కథ

దాచేపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ చేద్దామని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా. "ఒక్క పాట గురించి అరగంట ఏం మాట్లాడతావురా" అని మావాళ్ళు నవ్వుతుంటే వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన వారం ఒక పెళ్ళి ఊరేగింపులో డీజే బండి వెనకాల నడిచాను చూడండి, ఇంక ఆగలేకపోయా.

ముందు మెమరీ కార్డు సంగతి చెప్పాలి. మీలో చిన్నవాళ్ళకి ఇది తెలియకపోవచ్చు. నెట్ ప్యాకులు ఖరీదుగా ఉన్న రోజుల్లో పాటలు కావాలంటే సెల్ షాపుకి వెళ్ళేవాళ్ళం. 2 జీబీ కార్డు ఇస్తే, షాపతను కంప్యూటర్‌కి పెట్టి, ఫోల్డర్లకు ఫోల్డర్లు ఎక్కించి ఇచ్చేవాడు. చిరంజీవి హిట్స్, ఇళయరాజా, అయ్యప్ప పాటలు, చివర్లో "డీజే" అని ఒకటి. ఏ పాట కావాలో మనం చెప్పేది సగం, అతను ఇష్టమొచ్చింది వేసేది సగం. నేను ఇంటర్ చదివేటప్పుడు అలా ఎక్కించుకున్న కార్డులో, డీజే ఫోల్డర్‌లో, "ట్రాక్ 14" అని ఒక ఫైల్ ఉండేది. అంతే పేరు. పాడిందెవరో, ఏ దేశమో, ఏ సంవత్సరమో ఏమీ లేదు. ఇంగ్లీషు పాట. ఒక ఆడగొంతు, కింద ఠక్ ఠక్‌మని ఒక మొద్దు ఆర్గన్ లాంటి శబ్దం, దాని కింద ఒకటే దరువు.

నడికుడి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడల్లా అది వినేవాణ్ణి. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా నాన్నకి మాత్రం అస్సలు పడేది కాదు. ఆయన సున్నపు బట్టీలో పనిచేసి ఇంటికొచ్చేసరికి ఇంట్లో ఈ మోత. "ఏందిరా ఆ గోల, పాటంటే పాటలా ఉండాలి, పాటని చంపేసి దాని మీద రోకలి పోటు వేస్తన్నారు" అనేవాడు. ఆయన తిట్టింది ఆ ఒక్క పాటని కాదు, మొత్తం రీమిక్స్ అనేదాన్నే. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఎందుకంటే అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు ఉందనుకుంటున్నా. ఈ ఎపిసోడ్ అదే.

ఆ పాట పేరు నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. హైదరాబాద్‌లో ఒక బట్టల షాపులో అదే పాట వస్తుంటే, ఫోన్ పైకెత్తి పాటల్ని గుర్తుపట్టే యాప్ నొక్కాను. 'షో మీ లవ్' అని వచ్చింది. పాడినామె రాబిన్ ఎస్. కింద ఇంకో పేరు, స్టోన్‌బ్రిడ్జ్. ఆ రెండో పేరు వెనకే ఉంది అసలు కథంతా. కానీ అక్కడికి వెళ్ళాలంటే ముందు షికాగో వెళ్ళాలి.

1979 జులై 12. షికాగోలో కమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ స్టేడియం. స్టీవ్ డాల్ అని ఒక రేడియో జాకీ, రాక్ సంగీతం మనిషి, డిస్కో అంటే మంట. ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్ళకి టికెట్ 98 సెంట్లే, తెచ్చిన రికార్డులన్నీ రెండు మ్యాచుల మధ్యలో గ్రౌండులో పెట్టి పేల్చేస్తాం అని ప్రకటించారు. జనం సుమారు 50 వేలమంది వచ్చారు. పేల్చారు. తర్వాత వేలమంది గ్రౌండులోకి దూకేశారు, పిచ్ పాడైపోయింది, రెండో మ్యాచ్ జరగనే లేదు. అక్కడ గేటు దగ్గర పనిచేస్తున్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఒకటి గమనించాడు. జనం తెచ్చినవన్నీ డిస్కో రికార్డులు కావు. నల్లవాళ్ళు పాడిన పాట ఏది దొరికితే అది తెచ్చారు. కోపం డిస్కో మీదనా, దాన్ని పాడేవాళ్ళ మీదనా, దానికి ఆడేవాళ్ళ మీదనా అనేది ఆ కుప్పలోనే కనబడింది.

అదే షికాగోలో, ఆ స్టేడియానికి కొద్ది మైళ్ళ దూరంలో, వేర్‌హౌస్ అని ఒక క్లబ్బు 1977 నుంచే నడుస్తోంది. పేరుకు తగ్గట్టే పాత గోదాము. అక్కడ పాటలు వేసేవాడు ఫ్రాంకీ నకుల్స్, న్యూయార్క్ నుంచి వచ్చిన డీజే. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే కుర్రాళ్ళు. బయట తలెత్తుకుని తిరగలేనివాళ్ళు తెల్లవార్లూ అక్కడ ఆడేవాళ్ళు. డిస్కో చచ్చిపోయిందని కంపెనీలు కొత్త రికార్డులు తగ్గించేశాయి. మరి ఫ్రాంకీకి వేయడానికి ఏముంది? పాతవే. ఆ పాతవాటినే టేపుల మీద కోసి, అతికించి, జనం ఎక్కడ ఊగుతున్నారో ఆ ముక్కని పొడిగించి, కింద ఇంకొంచెం గట్టి దరువు చేర్చి వేశాడు. ఆ వేర్‌హౌస్‌లో వేసే రకం పాట అనే మాట చివరికి "హౌస్" అయి మిగిలింది. హౌస్ అంటే డిస్కో తీర్చుకున్న పగ అని ఫ్రాంకీయే చెప్పుకున్నాడు. పల్నాటివాళ్ళకి పగ గురించి వేరే చెప్పాలా? కానీ ఇది ఆడుతూ తీర్చుకున్న పగ.

ఆ గేటు దగ్గరి కుర్రాడు విన్స్ లారెన్స్ గుర్తున్నాడా? అతనూ, జెస్సీ సాండర్స్ అనే డీజే కలిసి 1984లో 'ఆన్ అండ్ ఆన్' అని రికార్డు చేశారు. హౌస్ రికార్డుల్లో మొదటివాటిలో అదొకటి అంటారు. అప్పటికి ఇంకొక వస్తువు కూడా చేతికొచ్చింది. జపాన్ కంపెనీ రోలాండ్ 1983లో టీఆర్-909 అనే డ్రమ్ మెషీన్ తెచ్చింది. అది పెద్దగా అమ్ముడుపోలేదు, తయారైనవే సుమారు పదివేలు, కొద్దికాలానికే తయారీ ఆపేశారు. దాంతో సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికింది. డబ్బులేని షికాగో, డెట్రాయిట్ కుర్రాళ్ళ చేతుల్లో పడింది. పనికిరాదని పక్కన పెట్టిన మెషీనూ, చచ్చిపోయిందన్న సంగీతమూ కలిసి పుట్టిందే హౌస్.

హౌస్ దరువు గురించి ఒక్క మాట. మన తీన్మార్ ఉంది కదా, పేరులోనే మూడు దెబ్బలు. డప్పు మీద అది పడుతుంటే కొంచెం తూలుతూ, కొంచెం కవ్విస్తూ పోతుంది, భుజాలు వాటంతట అవే లేస్తాయి. హౌస్ అలా కాదు. నాలుగు దెబ్బలు, నాలుగూ ఒకే బరువు, నిమిషానికి 120 చిల్లర. మధ్యలో వయ్యారం లేదు. మొదటిసారి వింటే బోరు కొడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ దరువు అంత తిన్నగా ఎందుకుందంటే, దాని మీద పడే మిగతా ప్రతి శబ్దమూ స్పష్టంగా కనబడాలని. తెల్లగా సున్నం వేసిన గోడ మీద చిన్న గీత గీసినా కనబడుతుందే, అలా. సున్నం సంగతి మా ఊరివాళ్ళకి తెలిసినంత ఎవరికి తెలుసు!

ఇప్పుడు రీమిక్స్. మనకి రీమిక్స్ అనగానే పాత పాటకి కొత్త మోత కలపడం అని అభిప్రాయం. అది పుట్టినప్పటి పని వేరు. 1970ల్లో న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ అనే ఆయన, మూడు నిమిషాల్లో పాటలు అయిపోవడం వల్ల ఆడేవాళ్ళ ఊపు మధ్యలో తెగిపోతోందని గమనించి, టేపు మీద పాటల్ని పొడిగించడం మొదలుపెట్టాడు. జమైకాలో కింగ్ టబ్బీ అయితే ఇంకో దారి. పాటలోంచి గొంతు తీసేసి, గిటార్ తీసేసి, డ్రమ్ములూ బేసూ మాత్రం ఉంచి, తీసేసినవాటిని అప్పుడప్పుడు దెయ్యంలా వెనక్కి తెచ్చేవాడు. 1976లో వాల్టర్ గిబ్బన్స్ పొడిగించిన 'టెన్ పర్సెంట్' అనే పాట 12 అంగుళాల సింగిల్ రికార్డుగా దుకాణాల్లోకి వచ్చింది. వీళ్ళెవరూ పాట రాయలేదు, పాడలేదు. వీళ్ళు చేసింది వినడం. ఏది ఉండాలి, ఏది పోవాలి, ఏది ఎంతసేపు ఉండాలి అని తేల్చడం. కూర దింపేముందు ఉప్పు చూసేవాళ్ళుంటారు కదా, ఆ నాలుక.

సరే, నా ట్రాక్ 14కి వస్తున్నా.

'షో మీ లవ్' రాసింది అలెన్ జార్జ్, ఫ్రెడ్ మెక్‌ఫార్లేన్. పాడింది న్యూయార్క్ గాయని రాబిన్ స్టోన్, రికార్డుల మీద పేరు రాబిన్ ఎస్. ఇంగ్లండ్‌లో ఛాంపియన్ అనే చిన్న కంపెనీ 1990లో విడుదల చేసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పాత రికార్డింగ్ ఇప్పటికీ నెట్‌లో దొరుకుతుంది, వినండి. చెడ్డగా లేదు. గొంతు అదే. కానీ గొంతు వెనకాల ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, ఆమె ఒక మాట అనేలోపు వెనకనుంచి ఇంకొకరు మాట అందుకుంటున్నట్టు. పెళ్ళి భోజనాల్లో పక్కనే మైక్‌సెట్ మోగుతుంటే మనిషి చెప్పేది సగమే వినబడుతుంది చూడండి, అలా.

రెండేళ్ళ తర్వాత ఆ పాట స్టాక్‌హోమ్ వెళ్ళింది. అక్కడ స్టోన్‌బ్రిడ్జ్ అనే పేరుతో స్టెన్ హాల్‌స్ట్రోమ్ అని ఒక స్వీడన్ డీజే రీమిక్సులు చేస్తుండేవాడు. ఈ పాట మీద పనిచేశాడు. మొదట చేసింది కంపెనీకి నచ్చలేదు. అప్పుడు తను ఏం చేశానన్నది తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. గొంతూ, కింద డ్రమ్ము దెబ్బా, ఈ రెండూ తప్ప అన్నీ తీసేశాడు. తర్వాత తన దగ్గరున్న కోర్గ్ ఎం1 కీబోర్డు తీసుకున్నాడు. 1988లో వచ్చిన కీబోర్డు అది, దాంట్లో కంపెనీవాళ్ళే ముందుగా పెట్టి ఇచ్చిన శబ్దాలుంటాయి. వాటిలో 'ఆర్గన్ 2' అనేదాన్ని ఎంచుకుని బేసు వాయించాడు. కొత్త శబ్దం తయారుచేయలేదు. ఆ కీబోర్డు కొన్న ప్రతివాడి ఇంట్లోనూ ఆ శబ్దం ఉంది. గుళ్ళో భజనకి తెచ్చిన కీబోర్డులో బటన్ నొక్కితే వచ్చే శబ్దం లాంటిదే. దాన్ని ఎక్కడ పెట్టాలి, దాని చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నదే అతని పని.

1993లో ఆ రీమిక్స్ ఇంగ్లండ్ చార్టులో 6వ స్థానానికి, అమెరికా చార్టులో 5వ స్థానానికి వెళ్ళింది. మూడేళ్ళ ముందు ఎవరూ పట్టించుకోని అదే గొంతు. ఇవాళ 'షో మీ లవ్' అని వెతికితే మొదట వచ్చేది రీమిక్సే, అసలు పాట కోసం కిందికి స్క్రోల్ చేసుకుంటూ పోవాలి.

ఒకసారి నాతోపాటు వినండి. మొదట దరువు ఒక్కటే. నాలుగు దెబ్బలు, ఊరికే పోతుంటుంది. తర్వాత ఆ ఆర్గన్ వస్తుంది. పొట్టి పొట్టి ముక్కలు, తలుపు మీద వేలి కణుపులతో కొట్టినట్టు. ప్రతి రెండు దెబ్బల మధ్యా బోలెడు ఖాళీ. ఆ ఖాళీలోకి గొంతు దిగుతుంది. ఇక్కడ ఒక విషయం చూడండి. పాటలో ఆమె చెబుతున్నది ఏంటంటే, మాటలు చాలా విన్నాను, మోసపోయాను, ఇంక మాటలొద్దు, ప్రేమ ఉంటే చేసి చూపించు అని. విసిగిపోయిన మనిషి మాట అది. విసిగిపోయిన మనిషి వెనకాల సన్నాయిలు, బాకాలు పెడితే నమ్ముతామా? అలాంటి మాట అనేటప్పుడు ఇంట్లో అందరూ నోరుమూసుకుంటారు. స్టోన్‌బ్రిడ్జ్ అదే చేశాడు, వాయిద్యాల నోరు మూయించాడు. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది. ఆమె ఒక మాట లాగి వదిలితే, ఆర్గన్ ఠక్‌మని ఒక సమాధానం. వినే మనిషి "ఊఁ" కొట్టినట్టు. మన బుర్రకథలో వంత పాడేవాళ్ళు "తందాన" అంటారే, అంత సరైన చోట.

మధ్యలో ఒకచోట గొంతు వెళ్ళిపోతుంది. ఆర్గనూ దరువూ మాత్రం తిరుగుతుంటాయి. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆ ముక్క ఫార్వర్డ్ చేసేవాణ్ణి. ఇప్పుడు అదే నాకు ఎక్కువ ఇష్టం. ఆమె లేకపోయినా ఆ ఖాళీలో ఆమె మాట తిరుగుతూనే ఉంటుంది కాబట్టి.

ఇంకోటి, మీ అందరి చేతుల్లోనూ ఫోన్లే కాబట్టి చెబుతున్నా. ఫోన్ స్పీకర్‌లో లోతైన బేసు వినబడదు, అంత చిన్న స్పీకర్ ఆ గాలిని కదపలేదు. చాలా డ్యాన్స్ పాటలు అందుకే ఫోన్లో పేలవంగా ఉంటాయి. ఈ ఆర్గన్ బేసు అలా కాదు. దాంట్లో కింది స్వరంతో పాటు పైన ఠక్ మనే అంచు కూడా ఉంది. కింది భాగం పోయినా ఆ అంచు మిగులుతుంది, మిగతాది చెవి ఊహించేసుకుంటుంది. మెమరీ కార్డు వేసిన చవక ఫోన్లో, నడికుడి ప్లాట్‌ఫారం మీద, గూడ్సు బండి పోతున్నప్పుడు కూడా అది నాకు వినబడిందంటే కారణం అదే. అప్పుడు నాకివేం తెలియవు. ఏదో మాయ అనుకున్నా.

మరి మన దగ్గర ఏం జరిగింది? ఇదొక తమాషా. అమెరికాలో డిస్కోని పేల్చేసిన సమయానికే మన దగ్గర డిస్కో పుడుతోంది. 1982 చివర్లో హిందీలో 'డిస్కో డాన్సర్' వచ్చింది. దాన్నే 1984లో తెలుగులో బాలకృష్ణతో 'డిస్కో కింగ్'గా తీశారు. అదే 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాయిద్యకారుడు, రోలాండ్ మెషీన్లు ముందు పెట్టుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో మళ్ళీ విడుదలైతే, షికాగో ఆసిడ్ హౌస్ లాంటిది అంతకు ఐదేళ్ళ ముందే ఇక్కడ చేశారా అని ప్రపంచం నోరెళ్ళబెట్టింది.

ఆ 1982లోనే మా నాన్న పాట కూడా వచ్చింది. 'దేవత' సినిమాలో 'ఎల్లువొచ్చి గోదారమ్మ'. వేటూరి రాశారు, చక్రవర్తి సంగీతం, బాలు, సుశీల పాడారు, రాఘవేంద్రరావు బిందెలు పేర్చి తీశారు. అది 2019లో 'గద్దలకొండ గణేష్'లో మళ్ళీ వచ్చింది, మిక్కీ జె. మేయర్ సంగీతంలో. బిందెలూ మళ్ళీ వచ్చాయి. కానీ గాయకుల పేర్లు చూస్తే బాలు, సుశీల అనే ఉంటుంది. మనవాళ్ళు చేసిన రీమిక్సుల్లో నాకు ఇది ఎందుకు ఎక్కువ నచ్చుతుందంటే అందుకే. మిగతావి చాలావరకు పాటని మళ్ళీ పాడించి, మళ్ళీ తీయడం. 'ఘరానా మొగుడు'లోని 'బంగారు కోడిపెట్ట' 2009లో 'మగధీర'కి వచ్చినప్పుడు, రెండుసార్లూ కీరవాణిగారే. తన పాటని తనే మళ్ళీ చేసుకున్నారు. హుషారుగా ఉంటుంది, ఈలలు పడతాయి, నేనూ వేశాను. కానీ అది తండ్రి డ్యాన్సుని కొడుకు చేస్తుంటే చూసే సంబరం. పాత గొంతుకి కొత్త చోటు వెతకడం వేరే పని. 2020 సెప్టెంబర్ 25న బాలుగారు పోయారు. ఆ తర్వాత ఎల్లువొచ్చి గోదారమ్మ కొత్తది విన్నప్పుడు, ఆ గొంతు ఉంచినందుకు ఎంత మంచిపని చేశారో అనిపించింది.

ఇక మన పెళ్ళి డీజేలు. నేను వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఒక చిన్న గదిలో, ఒక పాత కంప్యూటర్ మీద, దొరికిన పాట ఎంపీ3 తీసుకుని, దాని కింద తీన్మార్ వేసి, ఊరేగింపులో ముసలమ్మ చేత కూడా స్టెప్పు వేయించడం చిన్న విద్య కాదు. ఫ్రాంకీ నకుల్స్‌కీ వీళ్ళకీ తేడా ఊరిదే. (రాత్రి 10 దాటితే స్పీకర్లు ఆపాలని 2000 నుంచి రూల్ ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి. పక్కింట్లో పసిపిల్లలుంటారు.) కానీ నాకొక బాధ ఉంది. పాట మధ్యలో ప్రతి నిమిషానికీ "డీజే ఫలానా, ఫలానా ఊరు" అని ఒక గొంతు అరుస్తుంది. మిక్స్ చేసినవాడు తన పేరు వేసుకున్నాడు, తప్పులేదు, లేకపోతే ఇంకొకడు ఎత్తుకుపోతాడు. మరి పాడినావిడ పేరు? రాసినాయన పేరు? వీడియో టైటిల్లో హీరో పేరుంటుంది, డీజే పేరుంటుంది, "హార్డ్ బేస్" అని ఉంటుంది. జానపదాలకైతే మరీ అన్యాయం, ఏ పొలంలో ఏ అమ్మ పాడిందో తెలియకుండా "ఫోక్ సాంగ్" అని వేసేస్తారు. మళ్ళీ ఒక ట్రాక్ 14.

దీని మీద మన చట్టంలో ఏముందో కూడా చెబుతాను, రెండు ముక్కల్లో. 2000 తర్వాత హిందీలో రీమిక్సుల వరద వచ్చింది. 1972 నాటి లతా మంగేష్కర్ పాట 'కాంటా లగా' 2002లో ఎలా వచ్చిందో మీ అన్నయ్యల్ని అడగండి. పాట వచ్చి రెండేళ్ళయితే, నోటీసిచ్చి, రాయల్టీ కట్టి వెర్షన్ రికార్డింగ్ చేసుకోవచ్చని అప్పటి చట్టంలో ఉండేది. 2012 సవరణలో దాన్ని ఐదేళ్ళు చేశారు, పాటని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదన్నారు. ఇక అసలు రికార్డింగ్‌నే తీసుకుని కోయాలంటే దాని హక్కుదారు అనుమతి కావాల్సిందే. అంటే మన ఊరేగింపు మిక్సుల్లో చాలావాటికి కాగితం మీద పుట్టుకే లేదు. అందుకే వాటిలో ఎవరి పేర్లూ నిలవవేమో.

పేర్ల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మా నాగులేరు ఒడ్డుకి ఒకసారి వెళ్ళొద్దాం. దాచేపల్లిలో పారే ఏరే కారెంపూడిలోనూ పారుతుంది. అక్కడే పల్నాటి యుద్ధం జరిగిందని, ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరారాధన ఉత్సవాలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరవిద్యావంతులు కథ చెబుతారు, పంబ మోగుతుంది. ఆ కథకి శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యం ఉంది, అచ్చులో ఉంది. కానీ చెప్పేవాళ్ళు దాన్ని చూసి చదవరు. ఎదురుగా కూర్చున్న జనం ఎక్కడ ఊగితే అక్కడ సాగదీస్తారు, ఆవలిస్తే అక్కడ కోసేస్తారు. బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టం ఒక రాత్రి చెప్పినంతసేపు ఇంకో రాత్రి ఉండదు. ఫ్రాంకీ టేపు కోసిన పద్ధతి నాకు అక్కడ కనబడుతుంది.

జీన్ రోగేర్ అనే అమెరికా పరిశోధకుడు ఆ కథని ఒక గాయకుడి నోట రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి అనువదించి పుస్తకం వేశాడు. అది కూడా 1982లోనే, చూడండి విచిత్రం. నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది, కథ పాడినాయన పేరు అందులో ఉంది, అలిసెట్టి గాలెయ్య అని. వందల ఏళ్ళుగా ఎంతమంది పాడితే ఆ కథ మనదాకా వచ్చింది! వాళ్ళలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు?

పేరుంటేనే అన్నీ సరిగ్గా జరుగుతాయనీ కాదు. 2022లో బియాన్సే 'బ్రేక్ మై సోల్' వచ్చింది. వినగానే ప్రపంచమంతా "ఇది షో మీ లవ్ కదా" అంది. ఎందుకంది? ఆ ఆర్గన్ వల్ల. కానీ ఆ పాట రచయితల జాబితాలో చేరిన పేర్లు 1990లో పాట రాసిన జార్జ్, మెక్‌ఫార్లేన్‌లవి. ఆర్గన్ పెట్టిన స్టోన్‌బ్రిడ్జ్ పేరు అందులో లేదు. రాసినవాళ్ళది హక్కు, రీమిక్స్ చేసినవాళ్ళది సాధారణంగా కూలి, ఒకసారి ఇచ్చేస్తే అయిపోయింది. ఇది న్యాయమేనా అంటే నేను తేల్చలేను. రాబిన్ ఎస్ మాత్రం, తన కొడుకు ఫోన్ చేసి "అమ్మా, నీ పేరు ఎక్కడ చూసినా మోగిపోతోంది" అంటే ఆ సంగతి తెలిసిందని టీవీలో చెప్పింది. చాలా సంతోషపడింది.

ఇప్పుడు మా నాన్న. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పరీక్ష పెట్టాను. మంచి స్పీకర్ ఒకటి కొన్నాను లెండి. "నాన్నా, రెండు పాటలు వేస్తాను, ఏది బాగుందో చెప్పు, ఏది పాతదో ఏది కొత్తదో అడగొద్దు" అన్నాను. బట్టీ పొగకి ఆయన ఛాతీ దెబ్బతింది, ఇప్పుడు పనికి వెళ్ళడం లేదు, అరుగు మీద కూర్చుని ఉంటున్నాడు. ఇంగ్లీషు రాదు. మొదట 1990ది వేశాను. మొహం చిట్లించాడు, కానీ పూర్తిగా విన్నాడు. తర్వాత రీమిక్స్ వేశాను. ఆర్గన్ రాగానే నా వైపు ఒక చూపు చూశాడు, పాత రోకలి పోటు గుర్తుపట్టేసినట్టున్నాడు. ఇంక తిట్లు మొదలవుతాయి అనుకున్నా.

తిట్టలేదు. గొంతు వచ్చాక తల కొంచెం పక్కకి వంచాడు. అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రెండోదాంట్లో ఆ పిల్ల చెప్పేది బాగా ఇనపడతాంది" అన్నాడు. "మొదటిదాంట్లో వాయించేవోళ్ళు ఆమెని చెప్పనియ్యట్లా."

రెండోది రీమిక్స్ అని చెప్పాను. కాసేపు ఒప్పుకోలేదు. "అయితే మన పెళ్ళిళ్ళలోయి మాత్రం రోకలి పోటే" అని తన మాట తను నిలబెట్టుకున్నాడు. సరే అన్నాను, సగం నిజమే కదా. అప్పుడు అడిగాడు, "ఏం అడుగుతందిరా ఆమె, అంత గట్టిగా?" అని. చెప్పాను. మాటలొద్దు, ప్రేముంటే చూపించమంటోంది అన్నాను. "ఊఁ" అన్నాడు. "పేరేంది?"

రాబిన్ అని చెప్పాను.

ఈ రెండు పాటలూ వరసగా వినండి, మొదట 1990ది, తర్వాత స్టోన్‌బ్రిడ్జ్‌ది. ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి. మీ ఊరి డీజే మిక్సుల్లో మీకు బాగా నచ్చింది ఏదైనా ఉంటే రాయండి, దాంతోపాటు పాడినవాళ్ళ పేరు కూడా వెతికి రాయండి. దొరక్కపోతే చెప్పండి, కలిసి వెతుకుదాం. వచ్చే ఎపిసోడ్‌లో కోటప్పకొండ ప్రభల మీద మైక్‌సెట్ ఎక్కిన కథ చెబుతాను. ఉంటానండీ.